ఓడదొంగల సరుకు గది: పొగమాంసం, కర్రపెండలం రొట్టె, పిల్లి

1670 చివరి నెలల్లో ఓడదొంగల నాయకుడు హెన్రీ మోర్గాన్, ఇప్పుడు హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఉన్న హిస్పానియోలా దీవికి దక్షిణాన ఉన్న ఇల్ ఆ వాష్ దగ్గర రెండు వేల మంది దాకా పోగేశాడు. పనామాను దోచాలన్నది పథకం. ఓడలు మాత్రం వెంటనే కదల్లేదు. కొన్నింటిని దక్షిణ అమెరికా తీరంలోని రియో దె లా ఆచాకు మొక్కజొన్నల కోసం పంపాడు. మరికొందరిని హిస్పానియోలా అడవుల్లోకి పశువుల వేటకు తోలాడు. ఆ గింజలు, ఆ మాంసం చేతికొచ్చి, వాటాలు వేసి అన్ని ఓడలకూ పంచాకే లంగర్లు లేచాయి.

కరీబియన్ ఓడదొంగల చరిత్రను బంగారం వైపు నుంచి మాత్రమే చూస్తే సగమే అర్థమవుతుంది. ఎప్పుడు బయల్దేరాలి, ఏ దీవి దగ్గర ఆగాలి, ఎదురొచ్చిన ఓడను పట్టాలా వదలాలా అన్నవి చాలావరకు సరుకు గదిలో ఎన్నాళ్ల తిండి మిగిలిందన్న లెక్క మీద తేలేవి. ఆ తిండిలో మనుషులతో పాటు ఎలుకలూ వాటా తీసుకునేవి. ఓడలో పిల్లికి చోటు దొరికింది ఆ లెక్కలోనే.

పొగ మంచె

ఈ దొంగల పుట్టుకే ఒక వంట పద్ధతితో ముడిపడి ఉంది. హిస్పానియోలా ఉత్తర, పడమర తీరాల్లోని స్పానిష్ వలసవాళ్లు డచ్చి, ఫ్రెంచి ఓడలతో దొంగ వ్యాపారం చేస్తున్నారని 1605–06లో గవర్నర్ ఆంటోనియో దె ఓసోరియో ఆ ఊళ్లనే ఖాళీ చేయించాడు. జనాన్ని శాంటో డొమింగో చుట్టుపక్కలకు తరలించారు. పశువుల్లో, పందుల్లో చాలా భాగం వెనకే ఉండిపోయి అడవిలో పడి విపరీతంగా పెరిగాయి. వాటి కోసం ఫ్రెంచివాళ్లు, వాళ్లతో పాటు ఓడల నుంచి పారిపోయినవాళ్లు, గడువు తీరిన కట్టుబానిసలు వచ్చి చేరారు. తోళ్లు, కొవ్వు, పొగబెట్టిన మాంసం దారినపోయే ఓడలకు అమ్ముకుని బతికేవారు. మాంసాన్ని పొగబెట్టే కర్రల మంచెను అక్కడ బూకన్ అనేవారు. ఆ పని చేసేవాళ్లకు దాని మీదే బుకనీర్లన్న పేరు నిలిచింది. స్పానిష్ సైన్యం ఈ వేటగాళ్లను తరిమి, పశువుల్ని కూడా చంపించడం మొదలుపెట్టాక వీళ్లలో చాలామంది పక్కనే ఉన్న తోర్తూగా దీవి చేరి, పడవలెక్కి స్పానిష్ ఓడల మీద పడ్డారు. వాళ్ల బతుకుదెరువును పాడుచేసి, వాళ్లను సముద్రం మీదికి తోలింది స్పెయినే అనడం అతిశయోక్తి కాదు.

బూకన్ పద్ధతి చూడటానికి సులువు, చెడగొట్టుకోవడం ఇంకా సులువు. ఎముక తీసేసి, మాంసాన్ని కండ పోగు వెంట పొడుగాటి పేలికలుగా కోయాలి. మందం ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు దాటకూడదు. కొవ్వు వీలైనంత తీసేయాలి. కండ ఎండుతుంది గాని కొవ్వు ఎండదు, నెలలు గడిచేకొద్దీ ముక్క వాసన కొట్టేది దానివల్లే. మాంసం బరువులో నూటికి రెండు మూడు వంతుల ఉప్పు పట్టించి కొన్ని గంటలు వదిలేస్తే పైనీరు కారిపోతుంది. నాలుగు గుంజలు పాతి, నడుమెత్తున పచ్చి కర్రలతో తడిక కట్టి, దాని మీద పేలికల్ని ఒకదానికొకటి తగలకుండా పరుస్తారు. ఎండు కర్ర నిప్పంటుకుని కూలిపోతుంది కాబట్టి పచ్చిదే వాడాలి. కింద మంట ఉండకూడదు, నిప్పులు ఉండాలి. బుకనీర్లు ఆ నిప్పుల మీద పందుల తోళ్లు, ఎముకలు వేసేవారు. చిక్కటి పొగ వచ్చేది వాటి నుంచే.

వేడి ఎక్కువైతే పేలిక పైన గట్టి పెచ్చు కడుతుంది. లోపలి తడి బయటికి రాలేక అక్కడే ఉండిపోతుంది. బయటికి చక్కగా ఎండినట్టు కనిపించి, వారం తిరక్కుండా లోపలి నుంచి కుళ్లుతుంది. వేడి మరీ తక్కువైతే ఈగలు గుడ్లు పెడతాయి. పొగలోని ఫీనాల్ పదార్థాలు పైపొర మీద సూక్ష్మజీవుల్ని అడ్డుకుంటాయి, కొవ్వు పాడవడాన్ని కొంత ఆపుతాయి, ఈగల్ని దగ్గరికి రానివ్వవు. అయినా మాంసాన్ని నిలవుంచేది ప్రధానంగా ఎండటమే, పొగ దానికి కాపలా. తెలంగాణ ఇళ్లలో ఒట్టి తునకల్ని దండెం మీద ఎండకు వేసినట్టు హిస్పానియోలాలో వేయడం కుదరదు. అక్కడి గాల్లో తడి ఎక్కువ, మధ్యాహ్నం వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం. అందుకే ఎండ చేయాల్సిన పని నిప్పుతో చేయించారు. తయారైన పేలికలు చెక్కముక్కల్లా బిగుసుకుపోయేవి. కట్టలు కట్టి ఓడకెక్కించి, తినేముందు గోరువెచ్చటి నీళ్లలో నానబెడితే మళ్లీ ఎర్రగా మెత్తబడేవి. ఓడ అడుగున చెమ్మ తగిలితే మాత్రం బూజు ఖాయం. కాబట్టి ఈ కట్టల చోటు నీళ్ల పీపాల పక్కన కాదు, పై అరల్లో.

నిలవ కోసం చేసే బూకన్ వేరు, విందు కోసం చేసేది వేరు. 1690లలో మార్టినీక్‌లో ఉన్న ఫ్రెంచి పాదిరి లాబా విందు బూకన్ ఎలా చేసేవారో వివరంగా రాసిపెట్టాడు. పందిని వెల్లకిలా మంచె మీద పడుకోబెట్టి, తెరిచిన పొట్టనే గిన్నె చేసి, అందులో నిమ్మరసం, ఉప్పు, దంచిన మిరపకాయలు పోసి, సన్నటి నిప్పుల మీద గంటల తరబడి ఉడకనిచ్చేవారు. లోపలి కండకు పులుసు పట్టాలని పోట్లు పొడిచేవారు గాని తోలు చిల్లుపడకుండా చూసుకునేవారు. చిల్లుపడితే పులుసంతా నిప్పుల్లోకి కారి, మాంసం పొడిబారుతుంది. ఆ మిరప హిస్పానియోలాలోని తైనో జనం పండించిన పంట. కొలంబస్ 1493లో దాన్ని గురించి రాసుకున్నాడు, తర్వాత పోర్చుగీసు ఓడలు మిరపను మన తీరాలకు చేర్చాయి. గుంటూరు మిర్చి యార్డు చరిత్ర వెనక్కి వెళ్తే ఆ అమెరికా తోటల దగ్గరే ఆగుతుంది.

ఈ వంటకు దగ్గరి బంధువు జమైకాలోని జెర్క్, అంటే మసాలా పట్టించి పొగ నిప్పుల మీద కాల్చే మాంసం. 1655లో ఇంగ్లీషువాళ్లు జమైకాను స్పెయిన్ నుంచి లాక్కున్నప్పుడు బానిసత్వం తప్పించుకుని కొండల్లోకి వెళ్లిపోయి స్వతంత్రంగా బతికిన ఆఫ్రికన్లు, అంటే మరూన్లు, దీన్ని నిలబెట్టారు. ఓడదొంగల వంట అని దీన్ని అమ్ముకోవడం మరూన్లకు అన్యాయం చేయడమే. ఇంట్లో చేయాలనుకుంటే కిలో కోడిమాంసానికి 15–20 గ్రాముల ఉప్పు, రెండు చెంచాల ఆల్‌స్పైస్ పొడి, నాలుగైదు ఉల్లికాడలు, థైమ్ రెబ్బలు, చిన్న అల్లం ముక్క, ఒకటి రెండు స్కాచ్ బోనెట్ మిరపలు నూరి, రాత్రంతా ఊరనివ్వాలి. ఆల్‌స్పైస్‌లో ఘాటు ఇచ్చేది యూజెనాల్, లవంగంలో ఉన్నదే. అది దొరక్కపోతే లవంగం, దాల్చినచెక్క, జాజికాయ కలిపి దగ్గరి రుచి తేవచ్చు. స్కాచ్ బోనెట్‌ను గుంటూరు సన్నం లెక్కన వేస్తే నోట పెట్టలేరు. కారాన్ని కొలిచే స్కోవిల్ యూనిట్లలో సన్నం కారం 40,000 లోపు ఉంటే, దానిది లక్ష నుంచి మూడున్నర లక్షల దాకా ఉంటుంది. నిప్పుల మీద మూతపెట్టి కాల్చినప్పుడు ముక్క లోపల 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి. జమైకాలో ఆల్‌స్పైస్ చెట్టు పచ్చి కర్రల మీదే కాలుస్తారు, అసలు రుచి ఆ పొగది.

రొట్టె, పీపా, తాబేలు

ఓడ బిస్కట్ గోధుమపిండి, నీళ్లు, కొద్దిపాటి ఉప్పు కలిపి, గట్టిగా పిసికి, చిల్లులు పొడిచి, కాల్చి, మళ్లీ ఆరబెట్టినది. 1677 నాటి ఇంగ్లీషు నౌకాదళం లెక్క ప్రకారం మనిషికి రోజుకు ఒక పౌను బిస్కట్, అంటే 450 గ్రాములు. దాంతో గాలన్ బీరు, వారంలో నాలుగు రోజులు ఉప్పులో ఊరేసిన గొడ్డుమాంసమో పందిమాంసమో, మిగతా రోజులు చేప, వెన్న, జున్ను. ఇంగ్లండు చలికి సరిపోయిన ఈ పద్ధతి కరీబియన్ వేడిలో ఒక్కొక్కటే దెబ్బతినేది. బీరు పులిసిపోయేది. వెన్న కరిగి చెడిపోయేది. పీపా చెక్కలు ఎండి కుంచించుకుపోతే ఇనుప పట్టీలు వదులై ఉప్పునీరు కారిపోయేది, ఆపైన మాంసం తేలిన భాగం నుంచి కుళ్లు మొదలయ్యేది. బిస్కట్ చెమ్మ పీల్చి పురుగు పట్టేది.

దీనికి ఆ దీవుల దగ్గర అంతకుముందే ఒక జవాబు ఉంది, అది కర్రపెండలం. పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల సగ్గుబియ్యం మిల్లులకు వెళ్లే దుంపే ఇది, పుట్టిల్లు దక్షిణ అమెరికా. రొట్టెకు వాడే చేదు రకాల్లో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలు ఎక్కువ, పచ్చిగా తింటే ప్రాణం మీదికొస్తుంది. ఆ దీవుల మూలవాసులైన తైనోలు, కరీబులు చెక్కు తీసి, రాతి ముక్కలు బిగించిన పలక మీద కోరి, కోరును పొడుగాటి అల్లిక గొట్టంలో కూరేవారు. గొట్టాన్ని పైన వేలాడదీసి కింద బరువు కట్టి లాగితే అది సన్నబడి, విషపు రసాన్ని పిండేస్తుంది. కోరడం వల్ల దుంప కణాలు చితికి, విషం విడివడుతుంది. పిండటంతో చాలా భాగం రసంలో పోతుంది, మిగిలింది పెనం వేడికి ఆవిరవుతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తొందరపడి చేసినా రొట్టె ప్రమాదకరం. జల్లించిన పిండిని నూనె లేకుండా మట్టి పెనం మీద పల్చగా పరిచి రెండు వైపులా కాల్చి, ఎండలో ఆరబెడితే నెలల తరబడి పాడవని రొట్టె తయారవుతుంది. పిండిన రసాన్ని కూడా పారబోయరు. బాగా మరిగించి విషం పోగొట్టి, నల్లటి చిక్కటి పాకంగా దించితే అదే కాసరీప్. ఇప్పటికీ గయానాలో మాంసం పులుసులకు ఇదే ఆధారం. స్పానిష్ ఓడలు మొదటి నుంచీ ఈ రొట్టెను కొనేవి, దొంగలు ఆ ఓడల నుంచి లాక్కునేవారు.

తాజా మాంసానికి తాబేలు. కొలంబస్ 1503లో ఇప్పటి కేమన్ దీవుల్ని దాటుతూ, తాబేళ్లు లెక్కలేనన్ని కనిపించడంతో వాటికి తాబేళ్ల దీవులనే పేరు పెట్టాడు. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కిన ఆకుపచ్చ తాబేలును వెల్లకిలా తిప్పితే తిరగబడలేదు. అలాగే ఓడ పైతట్టు మీద వరసగా పడుకోబెట్టి, అప్పుడప్పుడూ నీళ్లు చల్లితే వారాలు బతికేది. ఉప్పు, పీపా, పొగ ఏవీ అక్కర్లేని మాంసం అది. జమైకాలోని పోర్ట్ రాయల్ రేవులో వాటిని బతికించి ఉంచడానికి నీళ్లలో దొడ్లే కట్టారు. ఇది మహా క్రూరమైన పద్ధతి, పైగా ఆ తాబేళ్ల సంఖ్య మళ్లీ ఎన్నడూ కోలుకోలేదు. సముద్రంలో తాబేలును, సముద్రపు ఆవును ఈటెతో కొట్టడంలో మధ్య అమెరికా తీరపు మిస్కిటో జనం ఘనులు. ఇద్దరు మిస్కిటోలు ఓడలో ఉంటే వంద మందికి తిండికి లోటుండదని, బుకనీర్లతో తిరిగిన విలియం డాంపియర్ లెక్కగట్టాడు. వాళ్లకు ఓడల్లో దక్కిన మర్యాద ఆ లెక్క వల్లే.

పంపకం కూడా తిండి దగ్గరే కచ్చితంగా ఉండేది. పేరుమోసిన ఓడదొంగ బార్తలోమ్యూ రాబర్ట్స్ ఓడ నియమాల్లో మొదటిదే, పట్టుకున్న తాజా తిండి మీద, మద్యం మీద అందరికీ సమాన హక్కు ఉంటుందని చెబుతుంది. కొరత వచ్చి కోత పెట్టాలంటే ఓటు వేయాల్సిందే. వ్యాపార ఓడల్లో కెప్టెన్ బొజ్జ నిండి నావికుడి బిస్కట్ చిక్కిపోయే రోజుల్లో ఇది చిన్న మాట కాదు. పట్టుబడిన ఓడల నుంచి నావికులు ఇష్టపడి దొంగల్లో చేరడానికి ఇదీ ఒక బలమైన కారణం. 1722 ఫిబ్రవరి 10న ఆఫ్రికాలోని లోపెజ్ అగ్రం దగ్గర నౌకాదళపు ఓడ మీదికొచ్చేసరికి రాబర్ట్స్ ఉదయపు తిండికి కూర్చుని ఉన్నాడు. పళ్లెంలో సాల్మగండీ. వండిన మాంసం తరిగి, ఉప్పుచేప, ఉడికించిన గుడ్లు, ఊరేసిన ఉల్లిపాయలు కలిపి, నూనె, వెనిగర్, ఆవాల ముద్ద పట్టించే వంటకం ఇది. మిగిలిపోయిన వాటితో చేస్తారు కాబట్టి రెండు ఓడల్లో ఒకేలా ఉండదు. పులుపు, ఉప్పు బలంగా పడటం వల్ల కాస్త వాసన తిరిగిన మాంసం కూడా చెల్లిపోయేది. ఆ రోజు పోరులో రాబర్ట్స్ చనిపోయాడు.

ఎలుకల లెక్క, పిల్లి ఉద్యోగం

ఆ కాలపు ఓడల్లో ఉన్నది నల్ల ఎలుక. మోకుల మీద సునాయాసంగా ఎక్కుతుంది. మూడు వారాల చూలు, ఈతకు ఆరు నుంచి పది పిల్లలు. ఒక ఎలుక రోజుకు తినేది 15 గ్రాముల చిల్లరే, అసలు నష్టం అది కాదు. రెట్టలు, మూత్రంతో పాడుచేసేది దానికి ఎన్నో రెట్లు. పళ్లు అరగదీసుకోవడానికి తెరచాపలు, మోకులు, బిస్కట్ సంచులు, చివరికి నీళ్ల పీపాలు కూడా కొరుకుతుంది. సముద్రం మధ్యలో పీపాకు చిల్లుపడితే ఏమవుతుందో వేరే చెప్పాలా.

పిల్లి ఓడలో సరదాకి ఉన్నది కాదనడానికి చట్టమే సాక్ష్యం. బార్సిలోనా కేంద్రంగా మధ్యధరా అంతటా చెల్లిన మధ్యయుగపు సముద్ర చట్టం ప్రకారం, ఓడలో పిల్లి లేక ఎలుకలు సరుకు పాడుచేస్తే ఓడ యజమాని నష్టం కట్టివ్వాలి. బయల్దేరినప్పుడు పిల్లులుండి, దారిలో చస్తే తప్పు లేదు గాని, పిల్లులు దొరికే మొదటి రేవులోనే కొని ఎక్కించాలి. స్పానిష్ ఓడలు ఈ అలవాటుతోనే అట్లాంటిక్ దాటాయి. 1559 సెప్టెంబరులో స్పానిష్ వలస నాయకుడు ట్రిస్తాన్ దె లూనా ఓడలు ఫ్లోరిడాలోని పెన్సకోలా దగ్గర తుఫానులో మునిగాయి. వాటిలో ఒకదాని శిథిలాల్లో ఒక పెద్ద పిల్లి, ఒక చిన్న పిల్లి ఎముకలు దొరికాయి. 2025లో వెలువడిన విశ్లేషణలో పెద్ద పిల్లి ఎముకల రసాయనం చూస్తే, అది ప్రధానంగా చేపలు, పెంపుడు జంతువుల మాంసం తిన్నదని, ఎలుకల మీదే బతకలేదని తేలింది. అంటే నావికులు తమ వాటాలోంచి పెట్టారు.

ఇందులో జాలితో పాటు అవసరమూ ఉంది. నాలుగు కిలోల పిల్లికి రోజుకు 200–250 కిలోకేలరీలు కావాలి. పైగా పిల్లి శరీరం టారిన్ అనే పోషకాన్ని చాలినంత తయారుచేసుకోలేదు, అది మాంసం, చేపల్లోనే దొరుకుతుంది. బిస్కట్ పొడి, జావ పెట్టి పెంచితే కొన్ని నెలలకు చూపు, గుండె దెబ్బతింటాయి. కడుపు నిండిన పిల్లి వేటాడదనుకోవడం పొరపాటు. ఆకలికి, వేట గుణానికి పిల్లిలో అంత గట్టి లంకె లేదు. ఓడ బతుక్కి పిల్లి మరో రకంగానూ సరిపోయింది. మూత్రాన్ని బాగా చిక్కబరచగల మూత్రపిండాల వల్ల, తాజా చేపలోని తడితోనే చాలావరకు గడుపుకోగలదు. సి విటమిన్ దాని ఒంట్లోనే తయారవుతుంది, ఆ విటమిన్ లోపంతో వచ్చే స్కర్వీ జబ్బు దాని జోలికి రాదు. దురదృష్టవశాత్తూ ఎలుకకూ అంతే.

పిల్లికి చేతకాని పనులూ ఉన్నాయి. బాగా ఎదిగిన ఎలుకను చాలా పిల్లులు వదిలేస్తాయి, పట్టేది పిల్ల ఎలుకల్ని. ఓడ లోపలి పలకల వెనక సందుల్లో పెట్టిన గూళ్లను అసలు అందుకోలేవు. అందుకే ఎలుకలు మితిమీరితే మిగిలిన దారి ఓడను మారుమూల ఇసుక ఒడ్డుకు లాగి, సరుకంతా దించి, తలుపులు మూసి గంధకం పొగ వేయడం. అడుగుభాగం గీకి తారు పూయడానికి ఎటూ కొన్ని నెలలకోసారి ఒడ్డుకు లాగాలి. రెండు పనులూ ఒకేసారి అయ్యేవి.

వేళ్లు ఎక్కువున్న పిల్లుల్ని ఓడదొంగలు ఏరికోరి పెంచేవారన్న కథ బాగా తిరుగుతోంది. మామూలు పిల్లికి ముందుకాళ్లకు ఐదేసి, వెనకకాళ్లకు నాలుగేసి వేళ్లు, మొత్తం 18. అదనపు వేళ్లు ఒకే ఒక బలమైన జన్యు మార్పు వల్ల వస్తాయి. తల్లికో తండ్రికో ఉంటే సగటున సగం పిల్లలకు వస్తాయి. అమెరికా ఈశాన్య తీరపు రేవుల్లో ఇలాంటివి ఎక్కువ కనిపించడానికి ఓడల రాకపోకలు కారణం కావచ్చు. అవి మెరుగ్గా ఎలుకల్ని పడతాయనడానికి మాత్రం ఆధారం లేదు.

పిల్లి పనితనం గురించి నమ్మదగ్గ వర్ణన పసిఫిక్‌లోని హువాన్ ఫెర్నాండెజ్ దీవి నుంచి వచ్చింది. 1704 నుంచి 1709 దాకా అక్కడ ఒంటరిగా ఉన్న అలెగ్జాండర్ సెల్‌కర్క్ నిద్రపోతుంటే ఎలుకలు పాదాలు, బట్టలు కొరికేవి. అవి ఓడల నుంచి దిగినవే. ఓడల నుంచే దిగి అడవిపాలైన పిల్లుల్ని అతను మేకమాంసం వేసి మచ్చిక చేసుకున్నాడు. అవి గుంపులుగా చుట్టూ పడుకోవడం మొదలయ్యాక ఎలుకల బాధ పోయింది. అతన్ని రక్షించిన ఓడ కెప్టెన్ వుడ్స్ రోజర్సే 1718లో బహామాస్ గవర్నర్‌గా వచ్చి నసావు ఓడదొంగల స్థావరాన్ని అణచాడు.

తిండి లెక్క పూర్తిగా తప్పితే ఈ ఏర్పాటంతా కూలిపోయేది. 1671 జనవరిలో మోర్గాన్ చాగ్రెస్ నది వెంట పనామా వైపు నడిచినప్పుడు, దారిలో దోచుకోవచ్చన్న ధీమాతో తిండి దాదాపు ఏమీ మోయలేదు. స్పానిష్‌వాళ్లు ముందే ప్రతి ఊరూ ఊడ్చేశారు. దారిలో దొరికిన తోలు సంచుల్ని మనుషులు పేలికలు చేసి, రెండు రాళ్ల మధ్య దంచి, నదిలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, కాల్చి, చిన్న ముక్కలుగా నీళ్లతో మింగారు. నది ఒడ్డున ఉన్న క్రూసెస్ ఊరు చేరేసరికి ఇళ్లు తగలబడుతున్నాయి. తినడానికి దొరికినవి కొన్ని కుక్కలు, పిల్లులు. వాటినీ చంపి తిన్నారు. ఒక సంచి రొట్టె, పదిహేను పదహారు జాడీల ద్రాక్షసారా దొరికితే, ఖాళీ కడుపున అది తాగి దాదాపు అందరూ జబ్బుపడ్డారు. విషం కలిపారని భయపడ్డారు గాని, రోజుల తరబడి ఆకులు, తోళ్లు తిన్న కడుపు అంతకంటే ఏం చేస్తుంది.

ఓడ దిగిన పిల్లులు దీవుల్లో మిగిల్చింది మరో చిక్కు. కరీబియన్ దీవుల రాతి ఇగ్వానాలు పిల్లి లాంటి వేటజంతువును ఎరగకుండా పెరిగిన జాతులు, వాటి పిల్లలు గుడ్డులోంచి బయటికొచ్చి నేల మీద తిరిగే మొదటి నెలల్లోనే చిక్కిపోతాయి. ఎలుకల కోసమే 1872లో కలకత్తా నుంచి జమైకా చెరుకు తోటలకు 9 ముంగిసల్ని తెచ్చారు. అవి పెరిగి ఎలుకలతో పాటు నేల మీది పక్షుల్ని, ఇగ్వానా గుడ్లనూ తిన్నాయి. టర్క్స్ అండ్ కైకోస్‌లోని పైన్ కే దీవిలో 1970లలో హోటలు కట్టేటప్పుడు వచ్చిన పిల్లులు, కుక్కలు మూడేళ్లలో వేల ఇగ్వానాల్ని దాదాపు తుడిచిపెట్టాయి. ఆ దీవుల్లోనే మరొకటైన లాంగ్ కేలో 1999లో పిల్లుల్ని పూర్తిగా తొలగించి, వేరే దీవి నుంచి ఇగ్వానాల్ని తెచ్చి వదిలారు. చిన్న దీవిలో ఇది సాధ్యమే. ఆ తర్వాత అక్కడ ఆగే ప్రతి పడవలో పిల్లి లేదని ఎవరో ఒకరు చూస్తూనే ఉండాలి, ఎందుకంటే చూలుతో ఉన్న ఒక్క పిల్లి దిగినా పని మళ్లీ మొదటికొస్తుంది.